మెత్తని పదార్థంలో కదలికను న్యూట్రాన్‌తో కొలవడం

అధ్యక్షులవారికి, అధ్యాపక మిత్రులకు, చోటు దొరక్క వెనక నిలబడి ఉన్న విద్యార్థులకు నమస్కారం. నిర్వాహకులు ఈ ప్రసంగానికి పెట్టిన పేరు కాస్త భయపెట్టేలా ఉంది కాబట్టి అందరికీ తెలిసిన వస్తువుతో మొదలుపెడతాను. అన్నం వార్చిన గంజి. ప్రెషర్ కుక్కర్ వచ్చాక చాలా ఇళ్లలో అది కనబడటం మానేసింది గానీ, నూలు చీరలు కట్టే ఇళ్లలో ఇంకా ఉంది. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా జారుతుంది, చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, చిక్కటి గంజిని మర్నాటిదాకా వదిలేస్తే గిన్నె వంచినా ఒలకకుండా తొణుకుతూ ఉంటుంది. తూచి చూస్తే అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. మిగిలిన ఆ కాస్త పిండిపదార్థం, అంటే గ్లూకోజ్ అణువులు వందలు, వేల సంఖ్యలో వరసగా అతుక్కుని ఏర్పడిన పొడవాటి గొలుసులు, తనకు పదింతలున్న నీటి నడకనే మార్చేస్తున్నాయి. ఆ గొలుసులు లోపల ఎలా కదులుతున్నాయి, ఎంత వేగంగా కదులుతున్నాయి, ఒకదానికొకటి ఎక్కడ అడ్డుపడుతున్నాయి అన్నది తెలిస్తే తప్ప గంజి ఎందుకు చిక్కబడుతుందో చెప్పలేం. ఆ కదలికను కొలిచే ఒక పద్ధతి గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను.

పెరుగు, సబ్బు నురగ, టూత్‌పేస్టు, గోడల రంగు, టైరు రబ్బరు, మన కణాల చుట్టూ ఉండే పొర, వీటన్నిటినీ కలిపి భౌతికశాస్త్రంలో మెత్తని పదార్థం అంటారు. వీటి రసాయనం ఒకదానితో ఒకటి పోలదు. పోలిక ఉన్నది శక్తిలో. ఇనుములోనో ఉప్పురాయిలోనో పరమాణువులను పట్టి ఉంచే బంధాలను తెంచాలంటే ఎలక్ట్రాన్‌వోల్టుల లెక్కలో (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం అది) శక్తి కావాలి. మెత్తని పదార్థంలో ఆకారాన్ని నిలిపే శక్తులు మాత్రం గది ఉష్ణోగ్రతలో ప్రతి అణువుకూ ఊరికే దొరికే వేడికి, అంటే సుమారు 25 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులకు, అటూఇటూగా ఉంటాయి. అందుకే వేడి ఒక్కటే చాలు, అవి ఎప్పుడూ వణుకుతూ, వంగుతూ, చుట్టుకుంటూ, విడిపోతూ ఉండడానికి. మెత్తదనం అంటే ఈ ఎడతెగని వణుకే అని నా అభిప్రాయం. ఫోటో తీసినట్టు ఒక్క క్షణపు ఆకారాన్ని చూపించి పదార్థం మొత్తాన్ని వివరించబోయే పాఠ్యపుస్తకాల మీద నాకున్న అసంతృప్తికి కారణం కూడా అదే.

ఇప్పుడు న్యూట్రాన్ దగ్గరికి వద్దాం. 1932లో కేంబ్రిడ్జిలో జేమ్స్ చాడ్విక్ కనిపెట్టిన ఈ కణానికి విద్యుదావేశం లేదు గనుక పదార్థంలోకి లోతుగా చొరబడి, ఎలక్ట్రాన్ల మేఘాన్ని దాదాపుగా పట్టించుకోకుండా, పరమాణు కేంద్రకాలను తాకి పక్కకు చెదురుతుంది. పరిక్షేపణం అనేది పుస్తకాల మాట. నేను చెదరడం అనే అంటాను. రియాక్టర్‌లో పుట్టిన న్యూట్రాన్లను గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటి గుండా పంపిస్తే అవి ఆ నీటి వేడికి సర్దుకుని, సెకనుకు సుమారు 2,200 మీటర్ల వేగంతో, 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యంతో (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదోవంతు) బయటికి వస్తాయి. అప్పుడు వాటి శక్తి ఎంత? అదే 25 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. ద్రవ హైడ్రోజన్ లాంటి అతి చల్లని పదార్థం గుండా పంపిస్తే ఇంకా నెమ్మదిస్తాయి. 8 ఆంగ్‌స్ట్రామ్‌ల న్యూట్రాన్ సెకనుకు 495 మీటర్లు మాత్రమే వెళుతుంది, దాని శక్తి 1.3 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులకు దిగిపోతుంది. ఎక్స్‌రేకీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే. ఒక ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యం ఉన్న ఎక్స్‌రే ఫోటాన్ శక్తి 12 వేల ఎలక్ట్రాన్‌వోల్టులకు పైమాటే. అణువు వణకడం వల్ల అందులో వచ్చే స్వల్పమైన మార్పును పట్టుకోబోవడం, వేబ్రిడ్జి మీద లారీని తూచి దాని అద్దం మీద వాలిన ఈగ బరువు చెప్పబోవడం లాంటిది. న్యూట్రాన్ సంగతి వేరు. అది తాకే అణువు శక్తి, దాని సొంత శక్తి ఒకే కోవకు చెందినవి కాబట్టి, తాకాక దాని వేగంలో వచ్చిన మార్పు మనకు కొలవడానికి అందుతుంది.

ఇంకొక సౌకర్యం ఉంది, మెత్తని పదార్థం మీద పనిచేసేవాళ్లకు అది మొదటిదానికన్నా విలువైనది. ఎక్స్‌రేకు హైడ్రోజన్ దాదాపు కనబడదు. న్యూట్రాన్‌కు బాగా కనబడుతుంది, పైగా మామూలు హైడ్రోజన్, దాని భారమైన ఐసోటోపు డ్యుటీరియం రెండు వేర్వేరు మూలకాలా అన్నంత తేడాగా కనబడతాయి. ఒక కేంద్రకం న్యూట్రాన్‌ను ఎంత బలంగా చెదరగొడుతుందో చెప్పే సంఖ్యను పరిక్షేపణ పొడవు అంటారు. హైడ్రోజన్‌కు అది మైనస్ 3.74 ఫెమ్టోమీటర్లు, డ్యుటీరియంకు ప్లస్ 6.67. గుర్తే తిరగబడింది. దీని ఫలితం ఏమిటంటే, మామూలు నీటిని, భారజలాన్ని తగిన పాళ్లలో కలిపితే ఒక ప్రోటీన్‌ను గానీ ఒక కొవ్వుపొరను గానీ ఆ ద్రవంలో కనబడకుండా చేయవచ్చు. ప్రోటీన్లు సుమారు 40 శాతం భారజలంలో మాయమవుతాయి, డీఎన్ఏ 65 శాతం దగ్గర. గాజు గోలీని నీళ్లలో వేస్తే అంచులు మసకబారతాయి చూడండి, అదే సూత్రం. గొలుసుల గుంపులో ఒక్క గొలుసునే చూడాలంటే మిగతావన్నీ డ్యుటీరియంతో తయారుచేసుకుని ఆ ఒక్కదాన్ని మామూలు హైడ్రోజన్‌తో ఉంచితే సరిపోతుంది. రసాయన ధర్మాలు పెద్దగా మారవు, న్యూట్రాన్‌కు కనబడే రంగు మాత్రం మారుతుంది.

భారజలం అనగానే మన ప్రాంతం మాట ఒకటి చెప్పాలి. మణుగూరు దగ్గర గోదావరి నీటి నుంచి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో పదే పదే మార్పిడి జరిపించి భారజలాన్ని వేరుచేసే కర్మాగారం 1991 నుంచి ఉంది. మామూలు నీటిలో ఆరు వేలకు పైగా హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున మాత్రమే డ్యుటీరియం ఉంటుంది కాబట్టి, ఒక లీటరు భారజలం వెనక ఎంత గోదావరి ప్రవహించి ఉంటుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. ఆ కష్టం తెలిసినవాణ్ణి అయ్యుండీ నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. ఒక విదేశీ కేంద్రంలో మాకు ఐదు రోజుల కిరణ సమయం, అంటే న్యూట్రాన్ కిరణాన్ని వాడుకునే అవకాశం, దొరికింది. నమూనాలు ఇక్కడే, ఆగస్టు నెలలో, కిటికీలు తెరిచి ఉన్న గదిలో భారజలంలో కలిపి సీసాలకు ఎక్కించాను. భారజలం గాలిలోని తేమను ఆశగా పీల్చుకుంటుందని పుస్తకంలో చదవడమే గానీ, మన వానాకాలపు గాలి దానికి ఎంత పెద్ద విందో నాకు తట్టలేదు. అక్కడికి వెళ్లి మొదటి రాత్రి కొలత మొదలుపెట్టాక, ఉండవలసిన దానికన్నా నేపథ్యపు చెదురుడు ఎక్కువగా, ప్రతిధ్వని సంకేతం (అదేమిటో కాసేపట్లో చెబుతాను) తక్కువగా కనబడింది. యంత్రాన్ని అనుమానించాం, అయస్కాంతాన్ని అనుమానించాం, ఆ యంత్రం చూసుకునే శాస్త్రవేత్తను నిద్ర లేపాం. తెల్లవారుజామున నాలుగింటికి, ఆ కేంద్రంలోని కొత్త సీసా తెరిచి ఖాళీ భారజలాన్ని పక్కన పెట్టి కొలిచినప్పుడు తెలిసింది, తప్పు నా సీసా మూతదని. నమూనాలన్నీ మళ్లీ కలుపుకునేసరికి ఒక రోజు పోయింది. అప్పటి నుంచి మా ప్రయోగశాలలో భారజలం సీసా తెరిచే పని నాకు అప్పగించడం లేదు.

ఇక్కడ నేపథ్యం అన్న మాటను కొంచెం విప్పాలి. హైడ్రోజన్ న్యూట్రాన్‌ను రెండు రకాలుగా చెదరగొడుతుంది. ఒక రకంలో వేర్వేరు పరమాణువుల నుంచి చెదిరిన తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి, అవి పరస్పరం ఎక్కడెక్కడ ఉన్నాయో చెబుతాయి. దీన్ని సంబద్ధ పరిక్షేపణం అంటారు. రెండో రకంలో ఒక్కో పరమాణువు విడివిడిగా తన సంగతి మాత్రమే చెబుతుంది. ఇది అసంబద్ధ పరిక్షేపణం, నా సీసాల్లో నేపథ్యాన్ని పెంచింది ఇదే. అసంబద్ధం అంటే అర్థంలేనిది అనుకోకండి, పేరు పెట్టినవారి తొందరపాటు అది. చెదరగొట్టే బలాన్ని బార్న్ అనే ప్రమాణంలో చెబితే, హైడ్రోజన్‌కు ఈ రెండో రకం 80 బార్న్‌ల పైన, డ్యుటీరియంకు రెండు బార్న్‌లు. కాబట్టి మామూలు నీటిని కొలిస్తే మనం చూసేది ఒక్కొక్క హైడ్రోజన్ తనకు తానుగా ఎలా తిరుగుతున్నదో. 1954లో లియోన్ వాన్ హోవ్ చూపించినట్టు, చెదిరిన న్యూట్రాన్ల దిశను, శక్తి మార్పును కలిపి నమోదు చేస్తే, ఒక క్షణంలో ఒకచోట ఉన్న పరమాణువు, లేదా దాని పొరుగుది, కొంతసేపటి తరవాత కొంత దూరంలో కనబడే సంభావ్యత దానిలోనే ఇమిడి ఉంటుంది. దిశ నుంచి దూరం వస్తుంది, శక్తి నుంచి కాలం వస్తుంది. 25 డిగ్రీల నీటిలో అణువు వ్యాప్తి చెందే తీరును తీసుకుని, సుమారు పన్నెండు ఆంగ్‌స్ట్రామ్‌ల దూరానికి తగిన కోణంలో లెక్కవేస్తే, పదునైన గీతలా ఉండవలసిన శక్తి శిఖరం ఇరువైపులా దాదాపు 38 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల మేర వెడల్పవుతుంది. కదలిక వేగం పెరిగితే వెడల్పు పెరుగుతుంది, మందగిస్తే తగ్గుతుంది.

నీటికి ఇది చాలు. శక్తిని ఇంకా సన్నగా కొలవాలంటే, సిలికాన్ స్ఫటికాల మీద న్యూట్రాన్‌ను వచ్చిన దారినే వెనక్కి తిప్పే యంత్రాలు ఉన్నాయి, అవి ఒక మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుకు లోపలి తేడాను కూడా పడతాయి. వాటి గురించి ఇంకొకసారి చెప్పుకోవచ్చు. మన గంజి గొలుసులకు, కణపు పొరలకు అవి కూడా చాలవు, ఎందుకంటే వేల పరమాణువులు కలసికట్టుగా కదిలే కదలికలు పదుల, వందల నానోసెకండ్లు తీసుకుంటాయి. వాటి ముద్ర నానో ఎలక్ట్రాన్‌వోల్టులలో ఉంటుంది. మామూలు పద్ధతిలో అంత సన్నని తేడా చూడాలంటే, వచ్చే న్యూట్రాన్లన్నీ లక్షలో ఒక వంతు కూడా తేడా లేకుండా ఒకే శక్తితో ఉండాలి. అలాంటివాటిని ఏరుకుంటే లక్షకు ఒకటి మిగులుతుంది. న్యూట్రాన్ కిరణం అసలే బీదది. అందులోంచి మళ్లీ ఏరితే చేతిలో ఏమీ మిగలదు. వరి బస్తా జల్లించి ఒక్క గింజ వండుకున్నట్టు.

1972లో హంగేరీ శాస్త్రవేత్త ఫెరెంక్ మెజెయి ఈ చిక్కును విప్పలేదు, పక్కనుంచి దాటిపోయాడు. అందరి గడియారాలూ ఒకే సమయం చూపించనక్కరలేదు, ఎవరి గడియారం వారి దగ్గర ఉంటే చాలు అన్నాడు. న్యూట్రాన్‌కు స్పిన్ ఉంది, అది చిన్న అయస్కాంతం లాంటిది. బొంగరాన్ని గుర్తుచేసుకోండి. తిరుగుతున్న బొంగరం కాస్త వాలినప్పుడు దాని పైకొన నిదానంగా ఒక వలయం గీస్తుంది. అయస్కాంత క్షేత్రంలో న్యూట్రాన్ స్పిన్ కూడా అలాగే క్షేత్రం చుట్టూ వలయం తిరుగుతుంది, ఒక టెస్లా క్షేత్రంలో సెకనుకు 2.9 కోట్ల చుట్లు. క్షేత్రంలో ఎంతసేపు ఉంటే అన్ని చుట్లు. ఎంతసేపు ఉంటుందన్నది దాని వేగాన్ని బట్టి. అంటే చుట్ల లెక్కే ఆ న్యూట్రాన్ సొంత గడియారం.

ఈ గడియారాన్ని ఎలా వాడారో చూడండి. నమూనాకు ముందు కొన్ని మీటర్ల పొడవున ఒక పెద్ద తీగచుట్ట, నమూనా తరవాత సరిగ్గా అలాంటిదే ఇంకొక తీగచుట్ట. మధ్యలో, నమూనా పక్కనే, స్పిన్‌ను అరచక్రం తిప్పే చిన్న పరికరం. గాలిపటం ఎగరేసే పిల్లవాడు చరఖాకు దారం చుట్టినట్టు, మొదటి చుట్టలో స్పిన్ చుట్లు చుట్టుకుంటుంది. మధ్యలో తిప్పేశాం కాబట్టి రెండో చుట్టలో అవే చుట్లు విప్పుకుంటుంది. వేగంగా వచ్చిన న్యూట్రాన్ తక్కువ చుట్టుకుంటుంది, తక్కువ విప్పుకుంటుంది. నిదానంగా వచ్చినది ఎక్కువ చుట్టుకుంటుంది, ఎక్కువ విప్పుకుంటుంది. నమూనాలో ఏ మార్పూ జరగకపోతే చివర అందరూ బయలుదేరిన స్థితికే చేరతారు. దీన్నే స్పిన్ ప్రతిధ్వని, స్పిన్ ఎకో అంటారు. వచ్చే కిరణంలో వేగాలు పది, పదిహేను శాతం తేడాగా ఉన్నా నష్టం లేదు. నమూనాలో వేగం మారిన న్యూట్రాన్ మాత్రమే చివర లెక్క తప్పుతుంది, ఎంత మారిందో అంత తప్పుతుంది.

సంఖ్యలతో చెబితే ఈ పద్ధతి పదును తెలుస్తుంది. మనం చెప్పుకున్న 8 ఆంగ్‌స్ట్రామ్‌ల న్యూట్రాన్‌నే తీసుకుందాం. ఒక్కో తీగచుట్టలో క్షేత్రాన్ని పొడవుతో గుణించి కూడితే అర టెస్లా మీటరు ఉందనుకుందాం. ఆ న్యూట్రాన్ ఒక వైపు 29 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. నమూనాలోని గొలుసు దాన్ని కాస్త నెట్టి, దాని వేగాన్ని సెకనుకు రెండున్నర మిల్లీమీటర్ల మేర మార్చిందనుకోండి. 495 మీటర్లలో రెండున్నర మిల్లీమీటర్లు! చీమ ఇంతకన్నా వేగంగా నడుస్తుంది. ఆ మార్పుకు చివరలో స్పిన్ దాదాపు 54 డిగ్రీలు పక్కకు తిరిగి కనబడుతుంది. 54 డిగ్రీలను కొలవడానికి పెద్ద పరికరం అక్కరలేదు. క్షేత్రం పెంచేకొద్దీ మనం చూసే కాలవ్యవధి పెరుగుతుంది. ఇప్పుడు చెప్పిన అమరికలో అది సుమారు 48 నానోసెకండ్లు. తరంగదైర్ఘ్యం రెట్టింపు చేస్తే ఈ కాలం ఎనిమిది రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే అది తరంగదైర్ఘ్యపు ఘనాన్ని బట్టి ఉంటుంది. గ్రెనోబుల్‌లోని లావు-లాంజ్వాన్ సంస్థలో ఉన్న ఐఎన్15 అనే యంత్రం ఈ ఉపాయంతోనే మైక్రోసెకండు దరిదాపులకు వెళుతుంది. విద్యార్థులు గమనించవలసినది ఇంకొకటి ఉంది. మిగతా యంత్రాలు శక్తిని చూపిస్తే, ఇది కాలాన్నే నేరుగా చూపిస్తుంది. తెర మీద కనబడేది శిఖరం కాదు, ఒకటి దగ్గర మొదలై సున్నా వైపు జారే గీత. నమూనాలో అణువుల అమరిక ఎంతసేపటికి చెదిరిపోతున్నదో ఆ జారుడే చెబుతుంది.

దీనికి ఒక ఇబ్బంది ఉంది, నా భారజలం కథకు మూలం అదే. హైడ్రోజన్ అసంబద్ధంగా చెదరగొట్టినప్పుడు మూడింట రెండు వంతుల సార్లు న్యూట్రాన్ స్పిన్‌ను తలకిందులు చేస్తుంది. చుట్టిన దారాన్ని మధ్యలో ఎవరో చిక్కు చేసినట్టు, ప్రతిధ్వని కుంచించుకుపోతుంది. అందుకే స్పిన్ ఎకో వాళ్లు ద్రావణి అంతా డ్యుటీరియంతోనే ఉండాలని పట్టుబడతారు.

ఇప్పుడు గొలుసుల దగ్గరికి. గంజి కంటే తేలికైన ఉదాహరణ పాలిథీన్, మన కూరగాయల సంచి. దాన్ని కరిగించినప్పుడు పొడవాటి గొలుసులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, సేమ్యా గిన్నెలా తయారవుతాయి. ఒక గొలుసు పక్కకు జరగాలంటే చుట్టూ ఉన్నవి జరగనివ్వవు. 1971లో పియర్ గిల్ డి జెన్ అన్నదేమిటంటే, అలాంటి గొలుసు తన చుట్టూ పొరుగువాళ్లు కట్టిన ఒక గొట్టంలో చిక్కుకుని ఉంటుంది, బయటపడాలంటే ఆ గొట్టం వెంబడే ముందుకో వెనక్కో పాకాలి, పొదల్లో పాము పాకినట్టు. పాకడం అన్న అర్థమున్న లాటిన్ మాటతోనే ఆ సిద్ధాంతానికి పేరు పెట్టాడు. చిక్కదనపు కొలతలు దాన్ని చాలావరకు సమర్థించాయి. కానీ గొట్టాన్ని ఎవరూ చూడలేదు, వేరే ఊహలతో కూడా అవే కొలతలను వివరించవచ్చని వాదించినవారూ ఉన్నారు. వాదన రెండు దశాబ్దాలకు పైగా నడిచింది.

తేల్చిచెప్పిన ప్రయోగం 1998లో ఐఎన్15 మీద జరిగింది. డ్యుటీరియంతో తయారైన పాలిథీన్‌లో కొద్దిపాటి మామూలు పాలిథీన్‌ను కలిపి, కరిగించి, ఒంటరి గొలుసు కదలికను సుమారు 170 నానోసెకండ్ల దాకా వెంబడించారు. గీత మొదట గబగబా పడిపోయింది, ఎందుకంటే తొలి కొద్ది నానోసెకండ్లలో గొలుసుకు తాను బందీనన్న సంగతి తెలియదు, స్వేచ్ఛగా మెలికలు తిరుగుతుంది. తరవాత గీత పడటం మానేసి దాదాపు చదునుగా సాగింది. పొరుగు గొలుసులు తగిలాయి. గీత ఏ ఎత్తులో ఆగిందో, వేర్వేరు కోణాల్లో ఆ ఎత్తు ఎలా మారిందో చూస్తే గొట్టం వెడల్పు వస్తుంది: సుమారు నాలుగున్నర నానోమీటర్లు. పోటీలో ఉన్న ఇతర ఊహలు ఆ గీతల మీద సరిపోలేదు. నాకు ఈ ప్రయోగం ఎంతో ఇష్టం, ఎందుకంటే ఇందులో ఊహాచిత్రంగా మాత్రమే ఉన్న గొట్టానికి వెడల్పు అనే కొలత దొరికింది. గంజి చల్లారాక జరిగేది మాత్రం ఇదొక్కటే కాదు. పిండి గొలుసులు జంటలుగా మెలికపడి స్ఫటికాల ముద్దలు కడతాయి, అది వేరే కథ.

కణపు పొరల విషయంలో కథ ఇంత సాఫీగా లేదు, అందుకే దాని మీద ఎక్కువసేపు ఆగుతాను. కొవ్వు అణువులు రెండు వరుసలుగా, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని నిలబడితే నాలుగైదు నానోమీటర్ల మందాన పొర ఏర్పడుతుంది. గాలికి ఆరేసిన చీరలా అది ఎప్పుడూ అలలు అలలుగా ఊగుతుంది. దాన్ని వంచడానికి పట్టే శక్తి ఎంత అన్నది జీవశాస్త్రానికి ముఖ్యమైన ప్రశ్న. వైరస్ లోపలికి చొరబడాలన్నా, మందు మోసే కొవ్వు బుడగ కణంతో కలవాలన్నా పొర వంగాలి. 1996లో జిల్మన్, గ్రానెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇచ్చిన సూత్రం ప్రకారం ఈ అలల వల్ల స్పిన్ ఎకో గీత ఒక నిర్దిష్టమైన ఆకారంలో జారాలి, ఆ జారుడు వేగం నుంచి వంపు శక్తి వస్తుంది. గీత ఆకారం చక్కగా సరిపోయింది. కానీ వచ్చిన వంపు శక్తి, ఇతర పద్ధతుల్లో వచ్చిన సుమారు 20 ఉష్ణ ప్రమాణాల (ఒక్కో ప్రమాణం అంటే ఇందాక చెప్పిన ఆ 25 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులే) కన్నా చాలా ఎక్కువ. చాలాకాలం పాటు పరిశోధకులు చేసిందేమిటంటే, నీటి చిక్కదనాన్ని మూడు రెట్లు చేసి లెక్కలో వేసుకుని సరిపెట్టుకోవడం. నేనూ వేసుకున్నాను. మూడే ఎందుకు అంటే సరైన సంఖ్య వస్తుంది కాబట్టి అనడం తప్ప ఆ రోజుల్లో నా దగ్గర జవాబు లేదు.

తరవాత కారణం తెలిసింది. పొరలో రెండు వరుసలున్నాయి కదా, నిదానంగా వంచితే ఒకదాని మీద ఇంకొకటి జారి సర్దుకుంటాయి. నానోసెకండ్లలో వంచితే జారడానికి వ్యవధి లేదు, రెండూ అతికించిన అట్టల్లా కలిసి వంగాలి కాబట్టి పొర గట్టిగా అనిపిస్తుంది. అంటే కొలత తప్పు కాదు, మనం అడిగిన ప్రశ్నకు కాక ఇంకొక ప్రశ్నకు జవాబు వచ్చింది. ఇది సర్దుకున్నాక 2020లో ఇంకొక వివాదం లేచింది. కొలెస్టరాల్ కలిపితే పొర గట్టిపడుతుందా? ఒక రకం అసంతృప్త కొవ్వు పొరలు గట్టిపడవని అంతకుముందు ఎక్స్‌రే ప్రయోగాలు చెప్పాయి. గట్టిపడతాయని స్పిన్ ఎకో, కంప్యూటర్ అనుకరణ, ఎన్ఎంఆర్ (కేంద్రకాల అయస్కాంత అనునాదం) కలిపి చేసిన పని చెప్పింది. విమర్శలు, ప్రతివిమర్శలు వచ్చాయి. నా అంచనా ఏమిటంటే, ఇద్దరూ వేర్వేరు కాలపరిమాణాల్లో, వేర్వేరు దూరాల్లో పొరను చూస్తున్నారు. పైగా కొలెస్టరాల్ పొర మందాన్ని, లోపలి చిక్కదనాన్ని కూడా మారుస్తుంది, వాటిని వంపు శక్తి నుంచి విడదీయడం సూత్రం చేసే పని, న్యూట్రాన్ చేసే పని కాదు. ఈ సభలో పరిశోధన మొదలుపెట్టబోయేవారు ఎవరైనా ఉంటే, ఒక పత్రంలో వంపు శక్తి విలువ చూడగానే ఏ సూత్రంతో, ఏ మందంతో, ఏ చిక్కదనంతో తీశారో ముందు వెతకండి. గీతను నమ్మండి, గీత కింద రాసిన సంఖ్యను నిదానంగా నమ్మండి.

ప్రోటీన్ల గురించి రెండు మాటలు. ఆల్కహాల్‌ను విడగొట్టే ఒక ఎంజైములో రెండు భాగాల మధ్య ఉన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుందని 2008లో స్పిన్ ఎకోతో నేరుగా చూశారు. ఇంజెక్షన్‌గా ఇచ్చే యాంటీబాడీ మందులు గాఢత పెరిగినప్పుడు ఎందుకు జిగురులా మారి సూదిలోంచి దిగవో తెలుసుకోవడానికి కూడా ఈ పద్ధతిని వాడుతున్నారు. అణువులు చిన్న గుంపులుగా కట్టుకుని, ఆ గుంపు విడిపోయేలోగా గుంపుగానే కదులుతాయన్నది అక్కడ తేలిన విషయం.

ఇదంతా చేసేది ఎక్కడ, ఎలా అన్నది విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. న్యూట్రాన్లు రియాక్టర్ నుంచో, ప్రోటాన్లతో భారలోహాన్ని కొట్టే త్వరణ యంత్రాల నుంచో రావాలి కాబట్టి ఏ విశ్వవిద్యాలయమూ సొంతంగా పెట్టుకోలేదు. మన దేశంలో ఈ విద్య పాతదే. 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టర్ నడిచింది. కెనడాలోని చాక్ రివర్‌లో బెర్ట్రామ్ బ్రాక్‌హౌస్ దగ్గర పనిచేసి వచ్చిన పి.కె. అయ్యంగార్ ఇక్కడ న్యూట్రాన్ వర్ణపట పరిశోధనకు పునాది వేశారు. ఆ బ్రాక్‌హౌస్‌కు, క్లిఫర్డ్ షల్‌కు 1994లో నోబెల్ వచ్చింది. 1985లో మొదలైన 100 మెగావాట్ల ధ్రువ రియాక్టర్ దగ్గర, అణువుల వ్యాప్తిని చూసే వర్ణపటమాపకం, నానోమీటర్ల ఆకారాలను చూసే యంత్రం రెండూ ఉన్నాయి, విశ్వవిద్యాలయాల వారు ప్రతిపాదన పంపి వాడుకోవచ్చు. స్పిన్ ఎకో కావాలంటే గ్రెనోబుల్, మ్యూనిక్ పక్కన గార్షింగ్, అమెరికాలో ఓక్‌రిడ్జ్, గైథర్స్‌బర్గ్ లాంటి చోట్లకు రాసుకోవాలి. ఐరోపాలో బెర్లిన్, సాక్లే రియాక్టర్లు రెండూ 2019లో మూతపడ్డాక పోటీ మరీ పెరిగింది.

ప్రతిపాదన రెండు పేజీలే, కానీ అందులో ఎన్ని గంటలు ఎందుకు కావాలో గట్టిగా చెప్పాలి. ఒక నమూనా, ఒక కోణం, ఒక ఉష్ణోగ్రత, దీనికి కొన్ని గంటలు పడుతుంది. యంత్రం సొంత లోపాన్ని కొలవడానికి గ్రాఫైట్ లాంటి కదలని పదార్థాన్ని, తీసివేతకు ఖాళీ ద్రావణిని కూడా అదే వరుసలో కొలవాలి. ఐదు రోజుల్లో ఐదారు నమూనాలు పూర్తయితే అదృష్టం. ఇరవై నమూనాలు పట్టుకెళ్లే విద్యార్థులను చూశాను, ఏ ఒక్కదానికీ సరిపడా గణాంకాలు లేకుండా తిరిగొస్తారు. పని ముగిశాక నమూనాను వెంటనే చేతికివ్వరు, రేడియోధార్మికత ఉందేమో చూస్తారు. అల్యూమినియం డబ్బాలో పుట్టే ధార్మికత రెండుంపావు నిమిషాలకు సగమైపోతుంది కాబట్టి ఒక కప్పు కాఫీ తాగి వస్తే దాని గొడవ తీరిపోతుంది. నమూనాలో ఉప్పు ఎక్కువగా ఉంటే సోడియం వల్ల మర్నాటిదాకా ఆగాల్సి రావచ్చు.

చివరగా, ఈ బల్ల మీద ఒక క్వార్ట్జ్ పెట్టె పెట్టాను. రెండు పలకల మధ్య రెండు మిల్లీమీటర్ల సందు, లోపల రెండు మిల్లీలీటర్లకు అటూఇటూగా పడుతుంది. ఇందాక చెప్పినదంతా ఇంత పరిమాణంలోనే జరుగుతుంది. అంచున ఒక మూల చిన్న బుడగ కనబడుతుంది. అది కిరణం తగిలే చోటికి జారితే ఆ రాత్రి పని వృథా, అందుకే నింపేటప్పుడు పెట్టెను ఎలా వంచాలో పిల్లలకు మొదట నేర్పుతాం. కావాలంటే దగ్గరికి వచ్చి చేత్తో పట్టుకుని చూడండి, పలకల మీద మాత్రం వేలు పెట్టకండి. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.